జ్ఞాపకం కూడా హక్కే
(పుస్తక పఠన సభలో చేసిన ప్రసంగ పాఠం)



గత దశాబ్దంలో వెలువడిన కొన్ని జీవిత చరిత్రలను, కళాచరిత్ర గ్రంథాలను, చారిత్రక రచనలను పరిచయం చేయవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. పరిచయం చేయడానికి ముందు ఒక ప్రశ్నకు సమాధానం చెప్పుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము. హక్కుల కోసం పనిచేసే మనకు పాత రాజుల, రాణుల, పండితుల జీవితాలతో పనేమిటి? ఉపకార వేతనాలు ఆగిపోయాయి. వక్ఫ్ భూములు అన్యాక్రాంతమవుతున్నాయి. పట్టణాల్లో ఇల్లు అద్దెకు దొరకడమే కష్టమవుతున్నది. ఇన్ని సమస్యల నడుమ చరిత్ర చదువుతూ కూర్చోవడం తీరికగలవారి పని కాదా?

ఈ ప్రశ్న వెనుక మరొక భావన కూడా దాగి ఉంది. మన పెద్దలు ఈ దేశానికి ఎంతో చేశారని నిరూపించుకుంటే మన హక్కులు మనకు దక్కుతాయని కొందరి నమ్మకం. సభల్లో స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు వరుసగా చదివేది అందుకే. ఆ నమ్మకంతో మేము ఏకీభవించలేము. రాజ్యాంగం పౌరుడికి హక్కు ఇచ్చేటప్పుడు తాతముత్తాతల త్యాగాల పట్టికను జతచేయమని అడగలేదు. ఉరికంబమెక్కినవాడి మనవడికీ, దూది ఏకుకుని బతికినవాడి మనవడికీ హక్కు ఒక్కటే. గొప్పవారి వారసులం కాబట్టి మమ్మల్ని గౌరవించండి అని అడిగిన క్షణాన, గొప్పవారు లేని కుటుంబాలను మనమే తక్కువ చేసినవారమవుతాము.

మరి చరిత్ర ఎందుకు? రాజ్యాంగం 29వ అధికరణం తమదైన భాష, లిపి, సంస్కృతి గల ఏ పౌర సమూహానికైనా వాటిని పరిరక్షించుకునే హక్కు ఇచ్చింది. 30వ అధికరణం విద్యాసంస్థలు స్థాపించుకునే హక్కు ఇచ్చింది. రెండవదాని గురించి మనం తరచూ మాట్లాడతాము; మొదటిదాన్ని మరచిపోతాము. ఏమి ఉన్నదో తెలియనివాడు దేనిని పరిరక్షించుకుంటాడు? చరిత్ర మన హక్కులకు ఆధారం కాదు, చరిత్రే మన హక్కుల్లో ఒకటి. ఈ దృష్టితోనే ఈ పుస్తకాలను పరిశీలించాలని మా మనవి.

మొదట మౌలానా అబుల్ కలాం ఆజాద్. చరిత్రకారుడు ఎస్. ఇర్ఫాన్ హబీబ్ రచించిన ఆయన జీవిత చరిత్ర 2023లో ఇంగ్లీషులో వెలువడింది. మక్కాలో 1888లో జన్మించి, కలకత్తాలో పెరిగి, 1912లో 'అల్ హిలాల్' ఉర్దూ వారపత్రికను స్థాపించి, ఖురాన్‌కు వ్యాఖ్యాతగా, కాంగ్రెసు అధ్యక్షుడిగా, స్వతంత్ర భారత తొలి విద్యామంత్రిగా పనిచేసిన ఈ మహనీయుని పేరు మనకందరికీ తెలుసు. పేరు మాత్రమే తెలుసు. జయంతి నాడు పటానికి పూలమాల వేస్తాము. ఆయన ఏమి ఆలోచించాడో, ఎవరితో వాదించాడో, ఎందుకు ఒంటరివాడయ్యాడో తెలుసుకోము. ఆజాద్ రాజకీయాలను ఆయన ధార్మిక చింతన నుండి వేరుచేసి చూడలేమని ఈ గ్రంథం చదివితే బోధపడుతుంది. మత విశ్వాసం బలంగా ఉన్నందువల్లనే ఆయన మతం పేరిట దేశ విభజనను వ్యతిరేకించాడు. ఈ మాట అర్థం కానివారు ఆయనను ఒకప్పుడు ముస్లింలకు ద్రోహి అన్నారు; నేడు మరికొందరు ఆయనను కేవలం ముస్లిం నాయకుడంటున్నారు.

1942 ఆగస్టులో ఆయనను అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధించారు. 1943లో కలకత్తాలో భార్య జులైఖా బేగం మరణశయ్యపై ఉన్నప్పుడు కూడా ఆయన విడుదల కోసం ప్రభుత్వాన్ని అర్థించలేదు. ఆమె కన్నుమూసింది, ఆయన కోటలోనే ఉన్నాడు. ఆ నిర్బంధంలో రాసిన లేఖలే 'గుబారె ఖాతిర్'. వాటిలో తాను ఇష్టపడే చైనా తేనీరు గురించి, గదిలో గూడు కట్టిన పిచ్చుకల గురించి, యౌవనంలో సితార్ అభ్యసించిన సంగతి గురించి ఆయన రాశాడు. పటంలోని మనిషి కంటే ఈ మనిషి మనకు దగ్గరివాడు. మన పిల్లలకు పరిచయం చేయవలసినవాడు ఈ మనిషే.

సోదరులారా, ఆ పుస్తకం వెలువడిన 2023లోనే ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి రాజనీతి శాస్త్ర పాఠ్యపుస్తకంలో, రాజ్యాంగ సభ సంఘాలకు అధ్యక్షత వహించినవారిని ప్రస్తావించే వాక్యం నుండి ఆజాద్ పేరు తొలగిపోయిన విషయం వెలుగులోకి వచ్చింది. 12వ తరగతి చరిత్ర పుస్తకం నుండి మొఘల్ దర్బారులను, వాటి వృత్తాంత గ్రంథాలను వివరించే అధ్యాయం తొలగిపోయింది. విద్యార్థులపై భారం తగ్గించడానికే అని కారణం చెప్పారు. ఒక పేరు వల్ల ఎంత భారం పెరుగుతుందో మనకు తెలియదు. ఆయన పేరిట పరిశోధక విద్యార్థులకు ఇస్తున్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను సైతం కేంద్ర ప్రభుత్వం 2022-23 నుండి నిలిపివేసింది. పేరు పోవడానికీ ఫెలోషిప్ పోవడానికీ సంబంధం లేదని ఎవరైనా అనవచ్చు. కాని విద్యామంత్రిగా ఆయన చేసిన కృషి తెలియని తరానికి, ఆయన పేరిట ఉన్న ఫెలోషిప్ పోతే ఏమి పోయిందో కూడా తెలియదు. జ్ఞాపకం పోయినచోట ప్రశ్న కూడా పోతుంది.

రెండవ గ్రంథం రూబీ లాల్ 2024లో వెలువరించిన గుల్బదన్ బేగం జీవిత చరిత్ర. గుల్బదన్ బాబరు కుమార్తె. 1523లో కాబూలులో జన్మించింది. ఆరేళ్ల పసిపిల్లగా కొండలు దాటి ఆగ్రా చేరింది. తండ్రి మరణాన్ని, అన్న హుమాయూన్ రాజ్యం కోల్పోవడాన్ని, అన్నదమ్ముల కలహాలను కళ్లారా చూసింది. 1576లో అంతఃపుర స్త్రీల బృందంతో హజ్ యాత్రకు బయలుదేరింది. అరేబియాలో ఆ బృందం సుమారు నాలుగు సంవత్సరాలు గడిపింది. వారి దానధర్మాలు, వారి చుట్టూ గుమిగూడిన జనం ఉస్మానియా సుల్తాన్ మూడవ మురాద్‌కు నచ్చలేదు. వారిని పంపివేయవలసిందిగా ఆజ్ఞలు జారీ అయ్యాయి. తిరుగు ప్రయాణంలో ఏడెన్ వద్ద వారి ఓడ ప్రమాదానికి గురైంది. 1582లో వారు ఫతేపూర్ సిక్రీ చేరుకున్నారు.

అక్బరు కోరికపై గుల్బదన్ తన జ్ఞాపకాలను పారశీకంలో గ్రంథస్థం చేసింది. దర్బారు చరిత్రకారులు యుద్ధాలు రాశారు. ఆమె ఇల్లు రాసింది. ఎవరు ఎవరికి ఏమి బహూకరించారో, బిడ్డను కోల్పోయిన తల్లి ఎలా కుమిలిపోయిందో, వలసపోతున్న కుటుంబంలో స్త్రీలు ఏమి భరించారో రాసింది. ఆ రచనకు నేడు మనకు తెలిసిన రాతప్రతి ఒక్కటే. అది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అదీ అసంపూర్ణం, కథనం నడుమనే ఆగిపోతుంది. చక్రవర్తి మేనత్త రాసిన పుస్తకానికే ఆ గతి పడితే, మన ఊళ్లలో మన నానమ్మలు, అమ్మమ్మలు చెప్పిన మాటలకు ఏ గతి పడుతుందో ఆలోచించండి.

ముస్లిం స్త్రీ నాలుగు గోడల మధ్య మూగగా పడి ఉండేదని బయటివారు అంటారు. అలాగే ఉండాలని మనలోనూ కొందరంటారు. నాలుగున్నర శతాబ్దాల క్రితం సముద్రం దాటి, ఏళ్ల తరబడి పరదేశంలో నివసించి, తిరిగివచ్చి చరిత్ర రాసిన స్త్రీ ఈ ఇరువర్గాలకూ సమాధానం. ఈ పుస్తకాన్ని ముందుగా మన ఆడపిల్లల చేతుల్లో పెట్టాలి. ఇదే రచయిత్రి 2018లో నూర్జహాన్ జీవిత చరిత్ర కూడా ప్రచురించారు. తన పేరిట నాణేలు ముద్రింపజేసి, ఆజ్ఞాపత్రాలు జారీచేసి, ఆగ్రాలో తన తండ్రికి పాలరాతి సమాధి మందిరం నిర్మింపజేసిన ఆ రాణిని కేవలం ప్రేమకథలో నాయికగా మాత్రమే మనకు చూపించారు.

మూడవది సుప్రియా గాంధీ 2020లో ప్రచురించిన దారా షుకో చరిత్ర. ఉపనిషత్తులను 1657లో పారశీకంలోకి అనువదింపజేసిన దారా మంచివాడు, అతన్ని చంపించిన ఔరంగజేబు చెడ్డవాడు. దారా గెలిచి ఉంటే దేశ చరిత్రే మారిపోయేది అన్న కథ మనందరం విన్నదే. ఈ మధ్య దానికి కొత్త అర్థం కూడా తోడైంది: దారా వంటివాడే మంచి ముస్లిం, మిగిలినవారందరూ ఔరంగజేబు వారసులు. ఈ గ్రంథకర్త్రి ఆ సులభమైన విభజనను అంగీకరించరు. దారా ఆధ్యాత్మిక చింతన అతని రాజ్యాభిలాషకు విడిగా లేదనీ, ఒక ఆదర్శ చక్రవర్తి కావాలన్న తపనతో అది ముడివడి ఉందనీ ఆమె చూపుతారు. వారసత్వ యుద్ధం రెండు మతదృక్పథాల మధ్య యుద్ధంగా ముందు నుండే సిద్ధమై లేదు.

మన తెలుగు నేలపై దీనికి స్పష్టమైన సాక్ష్యం ఉంది. 1687లో నెలల తరబడి ముట్టడి తరువాత ఔరంగజేబు గోల్కొండను జయించాడు. ఓడినది ముస్లిం సుల్తాన్ అబుల్ హసన్ తానీషా. గెలిచినది ముస్లిం చక్రవర్తి. ఆ తానీషా కొలువులో పాలనాభారం మోసినవారు అక్కన్న, మాదన్న సోదరులు. ఇందులో మతయుద్ధం ఎక్కడ వెతకాలి? మను ఎస్. పిళ్లై 2018లో దక్కన్ సుల్తానుల చరిత్రను సామాన్య పాఠకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, చివరకు అహ్మద్‌నగర్ రాజ్యానికి దిక్కై మొఘలులను నిలువరించిన మలిక్ అంబర్ కథ అందులో ఉంది. ఈ నేల చరిత్ర ఎంత చిక్కనిదో అటువంటి జీవితాలే చెబుతాయి.

ఇక్కడ మరొక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. చరిత్రను తుడిచివేసేవారు ఒక అన్యాయం చేస్తున్నారు. దానికి బదులుగా మనం ప్రతి సుల్తానునూ పుణ్యపురుషుడిగా చిత్రిస్తే మరొక అన్యాయం చేసినవారమవుతాము. ఇబ్రహీం కుతుబ్ షా రాజ్యానికి రాకముందు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల ఆశ్రయం పొందాడు. రాజైన తరువాత 1565లో అదే రామరాయలపై యుద్ధంలో పాల్గొన్నాడు. అదే ఇబ్రహీమును తెలుగు కవులు మల్కిభరాముడని అభిమానంగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను అతనికి అంకితమిచ్చాడు. పొన్నిగంటి తెలగన్న అచ్చతెనుగులో రచించిన తొలి కావ్యం 'యయాతి చరిత్రము'కు కృతిభర్త పటాన్‌చెరువు అమీన్ ఖాన్. ఆశ్రయం, యుద్ధం, కావ్యం మూడూ నిజమే. మూడింటినీ కలిపి చెప్పినప్పుడే అది చరిత్ర. రాజులు చేసిన మంచికి మనం వారసులం కాము. వారు చేసిన చెడుకు బాధ్యులమూ కాము. ఈ రెండవ మాట లోకం వినాలంటే మొదటి మాట మనం ఒప్పుకోవాలి.

ఇక కళాచరిత్ర. 2015లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో దక్కన్ సుల్తానుల కాలపు కళాఖండాల ప్రదర్శన జరిగింది. ఆ సందర్భంగా నవీనా నజత్ హైదర్, మరికా సర్దార్ సిద్ధంచేసిన బృహద్గ్రంథం వెలువడింది. అహ్మద్‌నగర్, బీజాపూర్, బీదర్, గోల్కొండ చిత్రాలు, బిద్రీ సామగ్రి, ఆయుధాలు, అద్దకపు వస్త్రాలు అందులో చూడవచ్చు. బీజాపూర్ సుల్తాన్ రెండవ ఇబ్రహీం ఆదిల్ షా స్వయంగా సంగీతజ్ఞుడు. తన తంబూరాకు ముద్దుగా పేరు పెట్టుకున్నవాడు. ఆ దర్బారు చిత్రాల సౌకుమార్యం చూసినవారు దక్కన్‌ను మొఘల్ కళకు తోకగా భావించలేరు.

అయితే ఆ గ్రంథం పుటలు తిప్పుతున్నప్పుడు మమ్మల్ని ఆలోచింపజేసినవి రాజుల చిత్రాలకంటే వస్త్రాలు. గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవు మచిలీపట్నం. కలంకారి అన్న మాటే పారశీకం నుండి వచ్చింది: కలంతో చేసిన పని అని అర్థం. కరక్కాయ, పటిక, చిరివేరు, నీలిమందులతో బట్టపై రంగులు నిలిపే విద్య ఈ తీరపు పనివారిది. ఆ బట్టలపై అల్లుకున్న పూలతీగలు పలుమార్లు పారశీక సంప్రదాయానివి. ఆ వస్త్రాలు సముద్రాలు దాటి పోయాయి, మ్యూజియముల గోడలకెక్కాయి. కాని వాటిని అద్దిన చేతుల పేర్లు ఎక్కడా లేవు. ఆ విద్య నేటికీ పెడనలో, మచిలీపట్నంలో బతికి ఉంది. బట్టకు చరిత్ర ఉన్నప్పుడు బట్ట అద్దినవాడికి ఉండకూడదా?

స్త్రీల విషయంలోనూ ఇదే లోటు. హైదరాబాదుకు చెందిన మహ్ లఖా బాయి చందా 1768 నుండి 1824 వరకు జీవించింది. ఉర్దూ గజళ్ల దివాన్ కూర్చిన తొలి కవయిత్రులలో ఆమె ఒకరు. ఆమె సమాధి నేటికీ మౌలాలి గుట్ట పాదంలో ఉంది. స్కాట్ కూగిల్ 2016లో ప్రచురించిన గ్రంథంలో సిరాజ్ ఔరంగాబాదీ కవిత్వంతో పాటు ఆమె కవిత్వాన్నీ, భక్తినీ, జీవితాన్నీ గౌరవంతో పరిశీలించారు. ఆమె నర్తకి కాబట్టి ఆమెను గూర్చి మాట్లాడటానికి మన పెద్దలు సంకోచిస్తారు. ఆ సంకోచం వల్ల ఒక కవయిత్రిని మనమే సగం పూడ్చిపెట్టాము.

తెలుగులో ఏమి ఉన్నదన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. ఉన్నది, కాని చాలదు. సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు దశాబ్దాలుగా స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్న ముస్లింల జీవిత విశేషాలు సేకరించి 'చిరస్మరణీయులు' మొదలైన గ్రంథాలు వెలువరించారు. ఉద్యమంలోని ముస్లిం మహిళలపై ప్రత్యేకంగా రాశారు. 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన తుర్రెబాజ్ ఖాన్, అదే దాడికి అండమాన్ శిక్ష అనుభవించిన మౌల్వీ అలావుద్దీన్ వంటివారి పేర్లు సామాన్య తెలుగు పాఠకుల నోట వినిపిస్తున్నాయంటే ఇటువంటి కృషి వల్లనే. విసునూరు దేశ్‌ముఖ్ అండగల వారిపై తన భూమి కోసం న్యాయస్థానాలలో పోరాడి, చివరకు హత్యకు గురైన షేక్ బందగీని తెలంగాణ నేల మరచిపోలేదు. బందగీ సుల్తాను కాదు, మౌలానా కాదు. తన చెక్క భూమిని వదులుకోనన్న సామాన్య రైతు. మనకు కావలసిన జీవిత చరిత్రలు ఎక్కువగా ఇటువంటివారివే. దూదేకులవారు, నూర్‌బాషలు, లాడ్ బజారులో లక్కగాజులు చేసేవారు, అద్దకంవారు, బీడీలు చుట్టే స్త్రీలు వీరే మన సమాజంలో అధికులు. వీరి గురించి పుస్తకాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఇంతకు ముందు మేము పేర్కొన్న ఇంగ్లీషు గ్రంథాలు తెలుగులోకి రావాలి. వాటికంటే ముందు, తెలుగులో మాత్రమే రాయగలిగిన ఈ జీవితాలు పుస్తకాలు కావాలి.

దీనికి మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, కాగితం. ప్రతి ఇంట్లో పాత నిఖానామా, ఇనాం పట్టా, ఉర్దూలో రాసిన దస్తావేజు, బడి ధ్రువపత్రం, ఛాయాచిత్రం ఏదో ఒకటి ఉంటుంది. ఉర్దూ చదవలేని తరం వాటిని చిత్తుకాగితాలుగా భావిస్తున్నది. 2025 వక్ఫ్ సవరణ చట్టం తరువాత, చిరకాల వాడుకను బట్టి కొత్తగా వక్ఫ్‌గా గుర్తింపు పొందే మార్గం మూసుకుపోయింది. ఇకపై వక్ఫ్ ఏర్పడటానికి వక్ఫ్‌నామా కావాలి. కాబట్టి మసీదు, ఖబరస్తాన్, ఆషుర్‌ఖానా, దర్గాలకు సంబంధించిన ప్రతి పత్రానికీ నకలు తీయించండి. ఫోన్‌లో చిత్రం తీసి రెండు మూడు చోట్ల భద్రపరచండి. ఉర్దూ తెలిసిన పెద్దల చేత అర్థం రాయించండి. గుల్బదన్ పుస్తకానికి రెండవ ప్రతి దొరకలేదు. మన పత్రాలకు రెండవ ప్రతి చేయడం మన చేతిలో పని.

రెండవది, గొంతు. డెబ్బై ఏళ్లు దాటినవారు ప్రతి మొహల్లాలో ఉన్నారు. వారి అనుమతితో వారి మాటలు రికార్డు చేయండి. ఏ వృత్తి చేశారు, ఏ ఊరి నుండి వచ్చారు, 1948లో ఏమి జరిగింది, పెళ్లి పాటలు ఏమి పాడుకునేవారు అని అడగండి. స్త్రీలను అడగడానికి మన అమ్మాయిలనే పంపండి; మగవారి ముందు చెప్పని మాటలు వారితో చెబుతారు.

మూడవది, గ్రంథాలయం. మసీదు పక్కన ఒక గది, ఒక బీరువా, వంద పుస్తకాలు చాలు. అక్కడికి స్త్రీలకు, ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ సోదరులకు ప్రవేశం ఉండాలి. మన చరిత్ర మనం మాత్రమే చదివితే అది ఆత్మస్తుతి అవుతుంది.

నాలుగవది, పరీక్ష. ఏ పుస్తకం చదివినా, ఏ సందేశం ఫోన్‌కు వచ్చినా అడగండి: ఇది ఎవరు రాశారు? ఏ పత్రం చూసి రాశారు? మనకు రుచించని విషయం ఇందులో ఒక్కటైనా ఉన్నదా? రుచించని విషయం ఒక్కటీ లేని చరిత్రను అనుమానించండి, అది మనలను పొగిడేదైనా సరే. ఆధారంలేని పొగడ్తను మనం పంచిపెడితే, ఆధారంలేని నిందను ఎదిరించే నైతిక బలాన్ని మనమే పోగొట్టుకుంటాము.

పఠనాన్ని గూర్చిన ఆజ్ఞతో ఆరంభమైన దైవవాణిని విశ్వసించేవారం మనం. పాఠ్యపుస్తకంలో ఒక పేరు తిరిగి చేర్చమని ప్రభుత్వానికి వినతిపత్రం ఇద్దాము. అవసరమైతే న్యాయస్థానానికి వెళదాము. అది మన హక్కు. కాని ఆ తీర్పు వచ్చేవరకు ఆజాద్ లేఖలు మన పిల్లలు చదవకుండా అడ్డుకున్నవారెవరూ లేరు. గుల్బదన్ ప్రయాణం గురించి మన కూతుళ్లకు చెప్పకుండా ఆపినవారెవరూ లేరు. వీధి చివర అద్దకం పని చేసే పెద్దాయన పేరు, ఆయన గురువు పేరు రాసిపెట్టుకోవడానికి ఏ శాఖ అనుమతీ అక్కరలేదు. ఈ నెల ముగిసేలోగా ప్రతి కుటుంబం ఒక పత్రాన్ని భద్రపరచి, ఒక పెద్దవారి మాటలను రికార్డు చేయాలని మా విన్నపం. వచ్చే సమావేశానికి వాటి నకళ్లు తీసుకురండి. అందరం కలిసి చదువుదాము.